నిమ్మళమైందా? మూడు ఊళ్ల మాటల్లో సుఖం హెచ్చుతగ్గులు

జ్వరం వచ్చి తగ్గుముఖం పట్టిన మనిషిని సూర్యాపేటలో ఎవరూ "మీకిప్పుడు మరింత సౌకర్యవంతంగా ఉందా" అని అడగరు. "పానం జర నిమ్మళమైందా?" అంటారు. కోదాడ దాటి రామాపురం అడ్డరోడ్డు దాకా పోతే అదే మాట "ఒళ్లు కాస్త తేలికపడిందా?" అని వినిపించినా ఆశ్చర్యం లేదు. మిర్యాలగూడలో రెండూ వింటాం. "నిన్నటికన్నా నయమే" అనే జవాబు మాత్రం మూడు ఊళ్లలోనూ ఒక్కటే. మునుపటికంటే ఎక్కువ సుఖంగా ఉండటాన్ని తెలుగువాడు ఏ మాటతో చెబుతాడు, ఆ మాటలు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయి, ఆస్పత్రుల్లో, బస్సుల్లో, సర్కారు కాగితాల మీద వాటికి చోటెందుకు దొరకడం లేదు? ఈ వ్యాసం చూడదలచింది ఇదే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనే ఈ మూడు ఊళ్లను ఎంచుకోవడానికి కారణముంది. నిజాం పాలనలో కలిసిన ఉర్దూ, నల్లగొండ పల్లెల తెలుగు, సాగర్ నీళ్ల వెంట వచ్చిన కృష్ణా గుంటూరు తెలుగు ఇక్కడ ఒకే బజారులో తిరుగుతాయి.

ముందు వ్యాకరణం సంగతి. ఒక గుణం హెచ్చిందని చెప్పడానికి తెలుగులో విశేషణానికి తగిలించే ప్రత్యయమేదీ లేదు. ద్రావిడ భాషలన్నిటిదీ ఇదే దారి అని 1856లో వచ్చిన తులనాత్మక వ్యాకరణంలోనే కాల్డ్‌వెల్ రాశాడు. సంస్కృతం నుంచి 'తర', 'తమ' తెచ్చుకున్నాం. గురుతరం, ఘనతరం అని రాస్తాం. ఈ మధ్య పత్రికల్లో 'సులభతర వాణిజ్యం' అనే మాట స్థిరపడింది. కానీ 'సుఖతరం' అని ఏ ఇంట్లోనూ అనరు. ఇంటి మాటలో ఆ పని చేసేవి 'కంటే', 'కన్నా'. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో 'కంటెన్' పంచమీ విభక్తుల్లో ఒకటి. దీన్ని 'కను' ధాతువుకు చుట్టంగా చూసేవారున్నారు. ఒకదాన్ని చూస్తే ఇంకొకటి ఎలా ఉందన్నదే అందులోని ఊహ. తమిళంలో ఇదే పని చేసే 'పార్క్కిలుం' అన్న మాటా చూడటం నుంచే పుట్టింది.

దీన్నిబట్టి తెలుగులో సుఖం పెరిగిందని చెప్పాలంటే పక్కన రెండోది ఒకటి ఉండాలి. దేనికంటే? నిన్నటికంటే, ఆ బస్సుకంటే, ఆ మంచంకంటే. ఆ రెండోది పైకి చెప్పకపోయినా వినేవాడికి తెలిసి ఉండాలి. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలు అన్న సామెతలో సుఖం నీళ్లలో లేదు, పరుగు తప్పడంలో ఉంది. మన మాటల్లో సుఖానికి కొలబద్ద ఎప్పుడూ తప్పిపోయిన కష్టమే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. కింద చెప్పబోయే మాటలన్నీ దాదాపు ఆ సంగతినే చెబుతాయి.

వాటిలో మొదట చెప్పవలసింది నిమ్మళం. తెలంగాణలో 'నిమ్మలం' అని కూడా పలుకుతారు. రూపాన్ని బట్టి ఇది 'నిర్మలం' నుంచి వచ్చిన తద్భవం. మురికి లేకపోవడం అనే అర్థం నుంచి కలత లేకపోవడం దాకా వచ్చింది. నీళ్లు తేరుకున్నట్టు మనిషి తేరుకోవడం. ఈ మాటకు ఒళ్లు, మనసు అనే తేడా లేదు. "రాత్రంత పొర్లిండు, తెల్లారంగ జర నిమ్మళపడ్డడు" అంటే ఒంటి సంగతి. "బిడ్డ పెండ్లైంది, ఇగ నిమ్మళం" అంటే మనసు సంగతి. అప్పు తీరినా నిమ్మళమే, కోర్టు కేసు తేలినా నిమ్మళమే. తొందరపడేవాణ్ని ఆపడానికి "నిమ్మళంగ తిను బిడ్డా" అంటారు. అక్కడ అర్థం మెల్లగా అని ఒక్కటే కాదు, నీ పళ్లెం ఎవరూ లాక్కోవడం లేదు అనే భరోసా కూడా ఉంది.

ఇంకో విశేషం. నిమ్మళం ముందు 'జర' వచ్చినంత సహజంగా 'చాలా' రాదు. "జర నిమ్మళం", "ఇప్పుడు నిమ్మళం", "ఇగ నిమ్మళం" అంటారు. ఆ చిన్న మాటల్లోనే పోలిక ఇమిడిపోయింది. 'ఇప్పుడు' అంటే ఇందాకటికంటే, 'ఇగ' అంటే ఇన్నాళ్లకంటే. ఇంగ్లిషులో 'కంఫర్టబుల్' ముందు 'మోర్' చేర్చి చేసే పనిని ఇక్కడ 'జర' చేస్తోంది. పైగా అతి చేయదు. బాధ పూర్తిగా పోయిందని రోగి నోటి నుంచి ఇది అబద్ధం పలికించదు. కొంచెం తగ్గింది, ఆ కొంచెమే నాకు చాలు అన్నంత మేరకే చెబుతుంది.

నయం తోవ వేరు. నయం అంటే మెత్తదనం, మంచితనం. నయాన భయాన అనేటప్పుడు వినిపించేది ఆ పాత అర్థమే. బజారులో సరుకు చవగ్గా దొరికితే ధర నయంగా ఉందంటారు. రోగం కుదిరితే నయమైందంటారు. పోల్చేటప్పుడు 'అంతకన్నా ఇది నయం'. మెత్తన, చవక, ఆరోగ్యం, మేలు అనే నాలుగు అర్థాలూ ఒకే మాటలో ఎలా కుదిరాయని అడిగితే, నాలుగింటిలోనూ బరువు తగ్గడమే ఉందని నా జవాబు. కాకపోతే వైద్యంలో ఈ మాటతో జాగ్రత్తగా ఉండాలి. 'నయమైంది' అంటే పూర్తిగా కుదిరిందని, 'నయంగా ఉంది' అంటే కొంత మెరుగని. ఒక్క క్రియ మారితే అర్థం అంత మారుతుంది. తరతరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన మనుషులున్న నల్లగొండ నేలలో ఈ తేడా పండితులకు మాత్రమే పట్టిన విషయం కాదు. ముదిరిన ఎముకల ఫ్లోరోసిస్ నయం కాదు. నొప్పి మాత్రం నిమ్మళపడవచ్చు. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరమంతా ఆ రోగి బతుకే.

నెమ్మది కథ కూడా ముచ్చటగా ఉంటుంది. కన్నడంలో 'నెమ్మది', తమిళంలో 'నిమ్మది' అంటే ఈనాటికీ ప్రశాంతత, మనశ్శాంతి. తెలుగులో అది నిదానం వైపు జరిగిపోయింది. అయినా "జ్వరం నెమ్మదించింది", "ఒంట్లో ఇప్పుడు నెమ్మదిగా ఉంది" అన్నప్పుడు పాత అర్థం తిరిగి పలుకుతుంది. తెరిపి వాన నుంచి వచ్చిన మాట. ముసురు పట్టిన వాన కాసేపు ఆగితే తెరిపిచ్చిందంటారు, అదే మాట దగ్గుకూ నొప్పికీ వాడతారు. కుదుటపడటానికి చుట్టం కుదురు. గుండ్రటి అడుగున్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్టనూ కుదురే అంటారు. హాయి మాత్రం ఈ వరసలో ప్రత్యేకం. దానికి ముందటి కష్టం తోడు రానక్కర్లేదు, ఉత్తపుణ్యానికీ హాయిగా ఉండవచ్చు. బహుశా అందుకే కాబోలు అది పాటలకూ ప్రకటనలకూ అంత బాగా నప్పింది. నా చెవిన పడ్డంతలో ఈ మూడు ఊళ్ల పెద్దవాళ్ల మాటల్లో 'హాయిగున్నది' కంటే 'మంచిగున్నది' ఎక్కువ.

ఎండ సంగతి చెప్పకుండా ఈ నేల సుఖం గురించి మాట్లాడలేం. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ ఇక్కడిది. చలి దేశాల భాషల్లో ఆదరణకు వెచ్చదనం గుర్తు, ఇక్కడ చల్లదనం గుర్తు. "సల్లంగుండు బిడ్డా" అన్న దీవెనలో ఆయుష్షు, సంతానం, తిండి, కూర్చోవడానికి నీడ అన్నీ ఉన్నాయి. తెలుగులోకి వచ్చే అనువాద కథల్లో 'వెచ్చని స్వాగతం' కనిపించినప్పుడల్లా మే నెల సూర్యాపేట బస్టాండు గుర్తొచ్చి నాకు ఊపిరాడదు. మంచినీళ్ల చెంబు చేతికిచ్చి, నీడకు రమ్మని పిలవడం కదా ఇక్కడి స్వాగతం.

ఉర్దూ తెచ్చిన మాటలు ఈ ఊళ్లలో అప్పు పదాల్లా వినిపించవు. ఆరాం, సౌలతు, తక్లీఫు, పరేశాను ఇంటి మాటలైపోయాయి. 1948 సెప్టెంబర్ 17 దాకా ఇది నిజాం రాజ్యం. కచేరీలో, పోలీసు ఠాణాలో, కోర్టులో నడిచిన భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పై చదువులు కూడా ఉర్దూలోనే సాగాయి. ఆ రాజ్యం పోయినా ఆ భాషలోని సుఖపు మాటలు మిగిలిపోయాయి. "ఆరాంగ కూసో" అంటే కాళ్లు జాపుకొని, పని సంగతి మరచి కూర్చోవడం. "ఆడ సౌలతు లేదు" అంటే నీళ్లో, మరుగుదొడ్డో, బస్సో లేదని. సౌలతు మనిషి బయట ఉండేది, ఆరాం మనిషి ఒంట్లో ఉండేది. సర్కారు తెలుగులో ఈ రెండింటి పనీ 'సౌకర్యం' ఒక్కటే మోస్తోంది. 'సుకరం' అంటే తేలిగ్గా చేయగలది, దాని నుంచి పుట్టింది సౌకర్యం. అది సౌలతుకు సరిపోతుంది, ఆరాంకు సరిపోదు.

సాగర్ నీళ్లు ఈ మాటల పటాన్ని మళ్లీ కలిపాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఆ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పొలాలు వరిమళ్లయ్యాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు, మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు లేచాయి. వాళ్లతో 'పర్లేదు', 'కాస్త', 'తేలిగ్గా', 'కుదురుగా' వచ్చాయి. ఇక్కడి 'జర', 'నిమ్మళం', 'మంచిగ' వాళ్ల పిల్లల నోళ్లలోకి ఎక్కాయి. ఇప్పుడు ఒకే ఇంట్లో తాత "పర్లేదురా" అంటే మనవడు "మంచిగైంది తాతా" అంటాడు. ఎవరి భాష అసలుదన్న తగువు ఇక్కడ నాకు అనవసరమనిపిస్తుంది. ఒకరి బాధ ఒకరికి తెలియడమే కదా ముఖ్యం, అది జరుగుతోంది.

ఇక బస్సు దగ్గరికి వద్దాం. ఈ ప్రాంతంలో సుఖాన్ని మెట్లుమెట్లుగా కొలిచి, పేరు పెట్టి, ధర కట్టి అమ్మేది ఆర్టీసీ. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. నేటి ఆర్టీసీకి మూలం అదే. హైదరాబాద్ నుంచి సూర్యాపేట సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ సుమారు 180. ఆ దారి ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65వ నంబరు. రైలు పట్టాలు సూర్యాపేటకు రాలేదు, మిర్యాలగూడకు వచ్చాయి. కాబట్టి సూర్యాపేట, కోదాడ జనానికి దూరప్రయాణమంటే ఎక్కువగా రోడ్డే.

పేర్లు వరసగా చూడండి: పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని, గరుడ ప్లస్, లహరి. 2023 మేలో హైదరాబాద్ విజయవాడ దారిలో కరెంటు బస్సులు దింపి వాటికి ఈ-గరుడ అని పేరు పెట్టారు. ఈ మెట్లలో కింది రెండింటి పేర్లలో సుఖం ఊసే లేదు. ఒకటి పల్లెను, ఇంకొకటి వేగాన్ని చెబుతుంది. మూడో మెట్టు నుంచి సుఖం మొదలవుతుంది, అదీ ఇంగ్లిషులో. ఇంకా పైకి పోతే పురాణం, సంగీతం. 'సుఖం' అనే మాట మాత్రం ఏ బస్సు మీదా లేదు. ఇది విచిత్రమే, ఎందుకంటే ఆ మాట పుట్టిందే బండి నుంచి అని ఒక పాత వ్యుత్పత్తి ఉంది. 'సు' అంటే మంచి, 'ఖ' అంటే రంధ్రం. ఇరుసు పట్టే రంధ్రం సరిగ్గా ఉంటే బండి కుదుపు లేకుండా సాగుతుంది. ఋగ్వేదంలో 'సుఖ' రథానికి విశేషణంగా వస్తుంది. ఆ వ్యుత్పత్తి ప్రకారం ఇరుసు సరిగ్గా కూర్చోనిది దుఃఖం. గుంతల రోడ్డు మీద వెనక చక్రం పైనున్న సీట్లో కూర్చున్నవాళ్లకు ఈ వ్యుత్పత్తిని వేరే వివరించనక్కర్లేదు.

పల్లెవెలుగు బస్సులో సుఖం ఎలా తయారవుతుందో దగ్గరగా చూడాలి. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు లోపలికి పడుతుంది. ఆ సీటు ఆయనది. ఎవరూ కాదనరు, కాదంటే పక్కవాళ్లు సర్దిచెబుతారు. ముగ్గురు పట్టే సీట్లో నలుగురు కూర్చుంటారు. నాలుగో మనిషి అడిగేది ఒక్కటే మాట, "జర జరుగు అన్నా". అన్న జరుగుతాడు, ఆ పక్కన అక్క మూట ఒళ్లోకి తీసుకుంటుంది, కిటికీ పక్క ముసలాయన గోడకు ఒదుగుతాడు. నిలబడిన మనిషికి సగం కూర్చునే చోటు దొరికింది. సూపర్ లగ్జరీలో సుఖం వెనక్కి వాలే సీటు, దానికి టికెట్‌లోనే డబ్బు కట్టాం. ఇక్కడి సుఖాన్ని ముగ్గురు మనుషులు తలా నాలుగు అంగుళాలు వదులుకొని ఇచ్చారు. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఈ కింది రెండు మెట్ల బస్సులకే. అంటే పేర్లలో సుఖం మొదలయ్యే చోట ఉచితం ఆగిపోతుంది. రద్దీ పెరిగింది, నిజమే. అయినా ఆస్పత్రికీ కాలేజీకీ పుట్టింటికీ చేతిలో పైసలు చూసుకోకుండా బయల్దేరగలగడం ఎందరో ఆడవాళ్లకు ఏ మెత్తటి సీటుకన్నా పెద్ద నిమ్మళం. రద్దీ గురించి రాసేవాళ్లు ఆ సంగతి కూడా రాయాలి.

ఆస్పత్రి వార్డులో ఈ మాటల అవసరం ఇంకా ఎక్కువ. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడికి చుట్టుపక్కల పల్లెల నుంచి రోగులు వస్తారు, చదువుకోవడానికి ఎక్కడెక్కడి జిల్లాల పిల్లలో వస్తారు. నొప్పి కొలవడానికి డాక్టర్లకు సున్నా నుంచి పది దాకా ఒక లెక్క ఉంది. మంచిదే, కానీ "మీ నొప్పికి పదిలో ఎన్ని మార్కులు" అని అడిగితే డెబ్బై ఏళ్ల అవ్వ ఏం చెబుతుంది? "అవ్వా, నిన్నటికన్నా నిమ్మళంగున్నదా?" అని అడిగితే వెంటనే చెబుతుంది. ఇంకా అడక్కుండానే "మోకాలు నిమ్మళమే గాని నడుం సలుపుతాంది" అని తేడా కూడా చెబుతుంది. ఆ 'సలుపు' వేరు, 'గుంజుడు' వేరు, 'మంట' వేరు, 'తిమ్మిరి' వేరు. నొప్పి రకాన్ని పట్టుకోవడానికి డాక్టరు అడగవలసిన ప్రశ్నల్లో సగానికి ఆమె మాటల్లోనే జవాబుంది.

కుదరని జబ్బుల్లో మిగిలిన రోజుల్ని బాధ లేకుండా గడపడానికి చేసే వైద్యాన్ని కాగితాల మీద 'ఉపశమన చికిత్స' అంటున్నారు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక మార్ఫిన్ వంటి మందులు ఆస్పత్రులకు అందే దారి కొంత తేలికైంది. 2017 జాతీయ ఆరోగ్య విధానంలోనూ ఈ వైద్యానికి చోటిచ్చారు. మందు వచ్చింది, మాట ఇంకా రాలేదు. 'ఉపశమన చికిత్స' అని బోర్డు చూసిన కొడుకుకు అది ఏమిటో అర్థం కాదు, ఇక చేసేదేమీ లేదని పంపేస్తున్నారేమో అని భయపడతాడు. "మీ నాయిన జబ్బు నయం కాదు, గాని ఆయన నిమ్మళంగ ఉండేటట్టు రోజూ చూసుకుంటం" అని నర్సు చెప్పగలిగితే అతనికి నిజమూ తెలుస్తుంది, ధైర్యమూ వస్తుంది. ఇంగ్లిషు 'కంఫర్ట్' కూడా మొదట లాటిన్‌లో బలం చేకూర్చడమనే అర్థంలోనే పుట్టింది. పరుపూ సోఫా దానికి తర్వాతెప్పుడో అంటుకున్నాయి.

నిఘంటువుల సంగతి చూస్తే, మనకు ఘనమైన పని జరిగింది. బ్రౌన్ తెలుగు ఇంగ్లిషు నిఘంటువు 1852లో వచ్చింది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో, వ్యవసాయపు మాటలతో వెలువడింది. నాగలిలోని ఒక్కో ముక్కకూ జిల్లా జిల్లాకూ ఉన్న పేర్లను అందులో ఎక్కించారు. తర్వాత చేనేతకు అదే పని చేశారు. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశం కూర్చారు. 2014 నుంచి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినంగా జరుపుకుంటున్నాం. ఇంత జరిగినా నాగలికి దక్కిన శ్రద్ధ ఒంటికి దక్కలేదన్నది నా ఫిర్యాదు. నొప్పి మాటలు, తేరుకునే మాటలు, అలసట మాటలు, వాటి మధ్య మెట్లు, ఏ ఊళ్లో ఏది ఎంత బరువుతో వాడతారు అన్నది జిల్లాల వారీగా కూర్చిన పుస్తకం వార్డులో నర్సు బల్ల మీద ఉండాలి.

ఆ పని మొదలుపెట్టడానికి ఈ మూడు ఊళ్లకంటే అనువైన చోటు లేదు. సూర్యాపేట వైద్య కళాశాల విద్యార్థులు రోగి చెప్పిన మాటను కేసు షీటులో ఇంగ్లిషులోకి మార్చకముందే తెలుగు లిపిలో ఉన్నదున్నట్టు ఒక్క వరస రాసుకుంటే చాలు. కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో కూడా అదే చేస్తే మూడు రకాల తెలుగు పక్కపక్కన దొరుకుతుంది. ఏడాదికి ఆ వరసలు వేలవుతాయి. వాటిని వరసపెట్టి అర్థాలు రాయడానికి డిగ్రీ కాలేజీల తెలుగు శాఖలున్నాయి. అవ్వ చెప్పిన 'సలుపుడు' ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో అడిగి రాసుకోవలసింది ఆ పిల్లలే, ఆమె మంచం పక్కన కూర్చొని.